మూడోసారి అడిగితే

వెర్నా టాలెఫ్సన్ రాసిన నవలలన్నీ చదివినవాడు మా ఎస్కర్ ఊరు మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ఈ మాట నేను మా ఆర్ఫా అత్త కెఫేలో చెప్పాను, పెట్రోలు బంకులో చెప్పాను, చర్చి కింది గదిలో కాఫీ తాగుతూ పాస్టరుగారి ఎదురుగా కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే ముందు వాళ్లు చదివుండాలి కదా.

నిజానికి నేను చదివింది అట్టల వెనకవైపు. తొమ్మిది నవలలు, తొమ్మిది అట్టలు. అట్ట వెనక అన్నీ ఉంటాయి. ఎవరు, ఎక్కడ, వాళ్లకేం కష్టమొచ్చింది, న్యూయార్క్ పత్రికలవాళ్లు చదివి ఎంత కదిలిపోయారు. ఇక లోపల మిగిలేది వివరాలే. వివరాలకి నాకు తీరికుండదు. చలికాలంలో మా సరస్సు గడ్డకట్టాక దాని మీద నిలబెట్టే చేపలు పట్టే గుడిసెల్లో సగానికి పైగా నా బండే లాగుతుంది. జనవరిలో ఊళ్లో కంటే సరస్సు మీదే ఇళ్లెక్కువ. ఒక ఏడాది అక్కడ నేనొక పోస్టు డబ్బా కూడా పాతాను. ఏప్రిల్లో మంచు కరిగి అది మునిగిపోయింది. ఎవరో తమ పెద్దమ్మకి పంపిన పుట్టినరోజు కార్డు చేపలు ఇంకా చదువుతున్నాయి.

నా పేరు డెల్ క్రోగ్. మిన్నెసోటా ఉత్తరం కొసలో పుట్టాను, ఇక్కడే ఉన్నాను. వెర్నా టాలెఫ్సన్‌ని ఊరంతా టీచర్ అంటుంది. అరవై దాటినవాళ్ల నుంచి నా దాకా అందరికీ ఐదో తరగతి చెప్పింది ఆవిడే. నాది చివరి బ్యాచి. మాకు చెప్పాక రిటైరైపోయింది. నా వల్లేనని కొందరంటారు. ఆ ఘనత నేను కాదనను.

ఆవిడ కొత్త నవల రాగానే మా లైబ్రరీకి రెండు కాపీలు వస్తాయి. జనం ఒకరి తర్వాత ఒకరు పట్టుకెళ్తారు. కథ కోసం కాదు, అందులో తాము ఉన్నామేమో వెతుక్కోవడానికి. దొరికితే మూసేస్తారు, దొరక్కపోయినా మూసేస్తారు. ‘ఆఖరి బల్లకట్టు’ నవలలో వాడేసిన కాఫీ పొడి ఎండబెట్టి మళ్లీ వాడే పిసినారి ఒకడున్నాడట. అది నేనేనంటూ నలుగురు టీచర్ మీద అలిగారు. ఐదో ఆయన నిజంగానే ఆ పని చేసేవాడు. ఆయన మాత్రం ఆ పాత్ర నమ్మశక్యంగా లేదన్నాడు.

న్యూయార్క్‌లో, చికాగోలో, పారిస్‌లో కూడా ఆవిణ్ణి పిలిచి చదివించుకున్నారు. మా ఊరు మాత్రం ఎప్పుడూ పిలవలేదు. పగేం లేదు. ఆవిడ ఇక్కడే ఉంటుందిగా, ఎప్పుడైనా పిలవచ్చు అనుకున్నారు. అలా అనుకుంటూ ముప్ఫై అయిదేళ్లు గడిపారు.

*

టీచర్ రాసేది చలికాలంలోనే, అదీ సరస్సు మీదే. ఆవిడ గుడిసెకి ఆకుపచ్చ రంగేసిన చెక్క గోడలు. లోపల చిన్న కట్టెల పొయ్యి, ఒక బెంచీ, నేలలో గుండ్రటి బెజ్జం, దాని కింద మూరెడు మందం మంచు, ఆ కింద నల్లటి నీళ్లు. అందరిలాగే ఆవిడా బెజ్జంలోకి దారం వదులుతుంది. కానీ దానికి గేలం ఉండదు. చేప పడితే వాక్యం పాడవుతుందట. సిరా గడ్డకడుతుందని పెన్సిళ్లతో రాస్తుంది. ఒక్కో పేజీ పూర్తవగానే బెజ్జం మీదికి వంగి చేపలకి గట్టిగా చదివి వినిపిస్తుంది. విమర్శకుల కంటే చేపలే నయమంటుంది. అవీ నోరు తెరుస్తాయి, కానీ అక్కడితో ఆగుతాయి.

ఆ ఫిబ్రవరిలో చలి ఎంతుందంటే, పాస్టరుగారు నరకం గురించి ప్రసంగం మొదలుపెడితే ఎప్పుడూ వెనక బెంచీల్లో కూర్చునే జనం లేచి ముందుకొచ్చారు. మంగళవారం నాడు టీచర్‌కి కట్టెలు దించడానికి వెళ్లాను. గుడిసెకి కాస్త దూరంలోనే ఇంజను ఆపేశాను. ఎప్పుడూ అలాగే ఆపుతాను, డీజిలు ఆదా అవుతుందని. తర్వాత తలుపు కొట్టే ముందు ఊపిరి తీసుకోవడానికి కాసేపు నిలబడతాను. ఒక్కోసారి ఆ ఊపిరి తీసుకోవడానికి ఒక పేజీ పడుతుంది.

ఆ రోజు గొంతు వేరే చోటు నుంచి వస్తోంది. బెజ్జం మీద వంగి కాదు, నిలబడి చదువుతోంది. ఒక వాక్యం చదివి, ఆగి, మళ్లీ అదే వాక్యం ఇంకాస్త నిదానంగా చదివింది. చేపలకి అంత నిదానం అక్కర్లేదు.

అందులో ఒక తండ్రీ కూతురూ అప్పుడే గడ్డకట్టిన సరస్సు దాటుతున్నారు. బరువు తక్కువని తండ్రి పిల్లనే ముందు నడిపిస్తున్నాడు. పిల్ల చేతిలో గడ్డపార. మంచు మీద ఒక దెబ్బ వేసి, చప్పుడు విని, ఒక అడుగు వేస్తోంది. సగం దూరం వెళ్లాక మంచు చప్పుడు మారింది. ఆ తర్వాతి వాక్యం విన్నాక నా చేతి తొడుగులు ఎక్కడున్నాయో కాసేపు వెతుక్కున్నాను. చేతులకే ఉన్నాయి.

"లోపలికి రా. తలుపు తీసే ఉంది" అంది టీచర్. "బయట నిలబడి ఏం చేస్తున్నావు?"

"ఇప్పుడే వచ్చాను టీచర్."

"ఇంజను ఆగి చాలాసేపైనట్టుందే."

"ఈ చలికి చప్పుడు ముందొచ్చేస్తుంది టీచర్. మనిషి తర్వాతొస్తాడు."

కట్టెలు పొయ్యి పక్కన పేర్చాను. ఆవిడ కాఫీ కుండ అందుకుంది.

"కాఫీ తాగుతావా?"

"వద్దు టీచర్, పనుంది."

"కొంచెం తాగు."

"ఎందుకులెండి, మీకు శ్రమ."

"పోస్తున్నా."

"సరే, మీరింతగా అంటుంటే."

పెన్సిళ్ల డబ్బా పక్కన నీలం రంగు స్వెట్టరు మడతపెట్టి ఉంది. దుకాణం చీటీ ఇంకా దానికే వేలాడుతోంది.

"కొత్తదా టీచర్?"

"పాతదే. ఎప్పుడో కొన్నా."

"ఎప్పుడు?"

"నిన్న." ఆవిడ చీటీని మడత కిందికి తోసింది. "లైబ్రరీకి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది చూడు, నోయెమీ. ఆదివారం మధ్యాహ్నం వచ్చి కొత్త నవల్లోంచి ఏదైనా చదవమంది."

"మీరేమన్నారు?"

"ఎవరొస్తారమ్మా, వద్దులే అన్నా. మళ్లీ అడిగింది. గొంతు బాగాలేదన్నా."

"అంటే రెండుసార్లు అడిగిందన్నమాట."

"రెండుసార్లు" అంది టీచర్. నీళ్ల మీద బెండు రెండుసార్లు కదిలాక జాలరి ఎంత నెమ్మదిగా కూర్చుంటాడో అంత నెమ్మదిగా కూర్చుంది.

మా ఊళ్లో ఎవరూ దేనికీ మొదటిసారి అవుననరు. మొదటిసారి ఒప్పుకుంటే ఆబగా ఉన్నట్టు. రెండోసారి కూడా కాదనడం మర్యాద. మూడోసారి అడిగితేనే మనస్ఫూర్తిగా అడిగినట్టు, అప్పుడు నిజం చెప్పాలి. మా నాన్న పెళ్లి చేసుకుంటావా అంటే అమ్మ రెండుసార్లు వద్దంది. మూడోసారి అడిగేలోపు నాన్నకి జలుబు చేసి గొంతు పోయింది. ఆ వారం అమ్మ ఎంత చిక్కిపోయిందంటే, పెళ్లి గౌను మళ్లీ కొలతలు తీసి కుట్టారు.

*

మర్నాడు లైబ్రరీ ముందు మంచు తోయడానికి వెళ్లాను. కిటికీలో కొత్త కాగితం అంటించి ఉంది. ఆదివారం మధ్యాహ్నం, ‘చలికాలంలో బంగాళాదుంపలు నిల్వ ఉంచడం ఎలా’, ఐనర్ క్విస్ట్ గారు స్లైడ్లు చూపిస్తారు.

పార అక్కడే పడేసి లోపలికెళ్లాను.

నోయెమీ అరిజోనా నుంచి అక్టోబరులో వచ్చింది. ఎడారి పిల్ల. లైబ్రరీలో కూడా టోపీ తీయదు. ఆమె వచ్చిన వారమే, పుస్తకం ఆలస్యమైతే జరిమానా చేపల్లో కట్టడం మా ఊరి ఆచారమని నేను చెప్పాను. పాపం కౌంటరు పక్కన ఐసు పెట్టె పెట్టించింది. జనం నిజంగానే చేపలు తెచ్చారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు. సంగతి బయటపడేసరికి నవంబరు వచ్చేసింది. చరిత్ర పుస్తకాల వైపు వెళితే ఇప్పటికీ ఆ వాసనే.

"టీచర్ చదువుతుందనుకున్నాను" అన్నాను.

"అడిగాను. వద్దన్నారు" అంది నోయెమీ. "మళ్లీ అడిగాను. మళ్లీ వద్దన్నారు."

"ఇంకోసారి అడగండి."

"వద్దన్న మనిషినా?"

"ఆవిడ వద్దనలేదు. రెండుసార్లు వద్దంది. రెండూ వేరు."

నోయెమీ చేతిలో ఉన్న పుస్తకాలు కింద పెట్టింది. "డెల్, నేను పెరిగిన చోట ఒకసారి వద్దంటే వద్దనే. రెండోసారి అడగడానికే నాకు మొహం చెల్లలేదు. మూడోసారంటే పెద్దావిణ్ణి వేధించినట్టే."

"అడక్కపోతేనే వేధించినట్టు. ఇక్కడ మూడోసారే అసలు అడగడం."

"ఇది ఆ చేపల జరిమానా లాంటిదేనా?"

"కాదు. ఇది నిజం."

"అప్పుడూ ఇదే మొహం పెట్టుకుని చెప్పావు."

నాకు వేరే మొహం లేదు. ఉంటే అది పెట్టుకుని చెప్పేవాణ్ణి.

"మరి ఐనర్ గారు మొదటిసారికే ఒప్పుకున్నారే?" అంది.

"ఆయన ఇరవై ఏళ్లు న్యూజెర్సీలో పనిచేశాడండీ. పాడైపోయాడు."

ఆమె నవ్వింది కానీ కాగితం తీయలేదు. నేను బయటికొచ్చి మంచు తోశాను. జీవితంలో మొదటిసారి ఒక నిజం చెబితే అది అమ్ముడుపోలేదు. ఇన్నాళ్లూ అబద్ధాలకి ఎంత గిరాకీ ఉందో అప్పుడు తెలిసింది.

*

గురువారం గుడిసె దగ్గర ఇంజను ఆపాక ఏ గొంతూ వినబడలేదు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాను. అయినా వినబడలేదు. తలుపు కొట్టాను.

టీచర్ బెంచీ మీద కూర్చుని ఉంది. దారం పైకి లాగేసి గోడ మేకుకి చుట్టేసింది. పెన్సిళ్లన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేసింది. నీలం స్వెట్టరు కాఫీ కుండ చుట్టూ చుట్టి ఉంది, వేడి పోకుండా. స్వెట్టరు చేతులు రెండూ కుండకి ముడేసి ఉన్నాయి.

"గుడిసె ఒడ్డుకి లాగెయ్యి డెల్."

"ఫిబ్రవరిలోనా? ఇప్పుడీ మంచు పెట్రోలు ట్యాంకరుని మోస్తుంది టీచర్."

"మోస్తే మొయ్యనీ. నాకు పని లేదు."

"నవల అయిపోయిందా?"

"చివరి అధ్యాయం ఉంది."

"మరి అది ఇంట్లో రాస్తారా?"

"ఎందుకులే. ఎవరికి తొందర?" పెన్సిళ్ల కట్ట తీసి సంచిలో పెట్టింది. మళ్లీ తీసి కొసలన్నీ ఒక వైపుకి తిప్పి పెట్టింది. "లైబ్రరీ కిటికీలో కాగితం చూశావా?"

"చూశాను."

"ఐనర్ మంచివాడు. బంగాళాదుంపల గురించి బాగా తెలిసినవాడు."

మా ఊరివాళ్ల నోట ఇంతకంటే కటువైన మాట నేను వినలేదు.

"డెబ్భయ్యారేళ్లొచ్చాయి" అంది. "ఇక్కడివాళ్ల ముందు ఒక్కసారి చదివితే, ఇది సరిగ్గా వచ్చిందో లేదో తెలిసేది. పారిస్ వాళ్లకేం తెలుసు, మంచు మీద ఎలా నడుస్తారో?" ఆగి నా వైపు చూసింది. "ఊళ్లో చదివేవాడివి నువ్వొక్కడివి ఉన్నావు. అన్నీ చదివానంటావు కదూ."

"అన్నీ టీచర్."

హోంవర్కు పుస్తకాన్ని జింక ఎత్తుకుపోయిందని ఐదో తరగతిలో చెప్పినప్పుడు ఎలా చూసిందో అలాగే చూసింది.

"గుడిసె సోమవారం దాకా లాగలేను" అన్నాను. "బండి బేరింగు పోయింది."

ఆవిడ కిటికీలోంచి నా బండి వైపు చూసింది. అందులోనే వచ్చానని ఇద్దరికీ తెలుసు.

"పాపం" అంది.

*

నిజాలకి గిరాకీ లేదని తేలిపోయింది కాబట్టి శుక్రవారం పొద్దున్నే పాత సరుకు తీశాను. ఆర్ఫా అత్త కెఫేలో గల్లా పక్కన కూర్చుని పాన్‌కేకుల్ని చూస్తూ నిట్టూర్చాను. అత్త కాఫీ కెటిలుతో వచ్చింది.

"ఏంట్రా, ఎవరైనా పోయారా?"

"ఏం లేదత్తా. టీచర్ కొత్త నవల కొంచెం తెలిసింది."

"ఎలా ఉంది?"

"అంత చెడ్డగా లేదు." ఇది మా ఊళ్లో మెచ్చుకోలు. "కాకపోతే ఆ కెఫే నడిపే ఆవిడ సంగతి..."

కెటిలు గాలిలో ఆగింది.

"ఏ కెఫే?"

"పేరు వేరే పెట్టారులే."

పక్క బల్ల దగ్గర హార్డ్‌వేర్ షాపు లైల్ తింటున్నవాడు తినడం మానేశాడు. "హార్డ్‌వేర్ షాపు లేదుగా అందులో?"

"ఉంది. సగం దాకా ఉంటుంది. తర్వాత తగలబడిపోతుంది."

"ఎవరు తగలబెట్టారు?"

నేను అత్త వైపు చూశాను. లైల్ కూడా చూశాడు.

"నా వైపు చూస్తారేంటి ఇద్దరూ?" అంది అత్త. "నాకు అగ్గిపుల్ల గీయడమే చేతకాదు."

"అందులో కూడా ఆవిడ అదే అంటుంది" అన్నాను.

అప్పుడే ఐనర్ క్విస్ట్ లోపలికొచ్చి బూట్ల మంచు దులుపుకుంటున్నాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. చంకలో స్లైడ్ల పెట్టె. గదిలో అందరూ తన వైపే చూడటం గమనించి అక్కడే నిలబడ్డాడు.

"టీచర్ కొత్త పుస్తకం గురించి చెబుతున్నాడు వీడు" అన్నాడు లైల్. "వీడు అన్నీ చదివాడుగా."

"నా గురించి ఏం ఉండదులే" అన్నాడు ఐనర్ కూర్చుంటూ. కాసేపు మెనూ చూశాడు. నలభై ఏళ్లుగా ఆ మెనూ మారలేదు. "ఉందా?"

"మీది చాలా మంచి పాత్ర ఐనర్ గారూ. చివరి దాకా ఎవరికీ అనుమానం రాదు."

"ఏం అనుమానం?"

"నేలమాళిగలో. బంగాళాదుంపల కింద."

ఐనర్ స్లైడ్ల పెట్టెని బల్ల కిందికి జరిపాడు. "ఎవరు, ఆ కిందున్నది?"

"అదే ఆదివారం చదువుదామనుకున్నారట టీచర్. ఇప్పుడు ఎటూ లేదుగా. పుస్తకం అచ్చయి దేశమంతా చదివాక మనకీ తెలుస్తుంది."

నేను పాన్‌కేకులు పూర్తిగా తిన్నాను. ఆ రోజు కెఫేలో తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

మధ్యాహ్నానికి ఊరంతా లైబ్రరీకి బయల్దేరింది. కానీ మా వాళ్లు ఏదీ నేరుగా అడగరు. అత్త కౌంటరు దగ్గర నిలబడి, బంగాళాదుంపలు ఎక్కడికీ పోవుగా అందట. లైల్ వచ్చి, స్లైడ్లు చూస్తే తన కళ్లు నీళ్లు కారతాయన్నాడట. ఎప్పుడూ లైబ్రరీ గడప తొక్కని ఇద్దరన్నదమ్ములు వచ్చి, టీచర్ గొంతు ఈమధ్య బాగున్నట్టు విన్నామని చెప్పి, ఒక చేప పెట్టి వెళ్లారట. అలవాటు పోలేదు. చివర్న ఐనర్ వచ్చి టోపీ చేతిలో నలుపుతూ, "గొంతు బాగాలేదమ్మా" అన్నాడు.

"అయ్యో, అయితే విశ్రాంతి తీసుకోండి" అంది నోయెమీ. మా ఊరి చరిత్రలో ఆ జవాబుకి సంతోషించిన మొదటి మనిషి ఐనర్.

సాయంత్రం నోయెమీ నన్ను పిలిపించింది.

"ఏం చేశావు డెల్?"

"మీరు మూడోసారి అడిగేదాకా చెప్పను."

"ఏం చేశావు?"

"ఏమీ చేయలేదండీ."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఎన్నిసార్లు అడిగిందో లెక్కపెడుతున్న మనిషిలా. తర్వాత కోటు తీసుకుంది. "రేపు పొద్దున నీ బండిలో నన్ను ఆ గుడిసె దగ్గరికి తీసుకెళ్లు."

*

శనివారం బండి ఒడ్డు దిగి మంచు మీదికి రాగానే నోయెమీ రెండు చేతులతో తలుపు పట్టుకుంది. మా కింద సరస్సు ఒక చివర నుంచి మరో చివరకి ఉరిమింది.

"ఏంటా చప్పుడు?"

"మంచు ఇంకా గట్టిపడుతోందండీ. అప్పుడు అలాగే ఉరుముతుంది. మంచిదే."

"అబద్ధం."

"నిజం."

"నీతో ఇదే కష్టం" అంది కళ్లు మూసుకుని.

టీచర్ గుడిసెలోనే ఉంది, పొయ్యి కూడా రాజేసుకుంది, పెన్సిళ్లు మాత్రం సంచిలోనే ఉన్నాయి. నోయెమీ బెజ్జానికి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడింది.

"మిసెస్ టాలెఫ్సన్, ఇది మూడోసారి. మీకు కోపమొస్తే చెప్పండి, ఇంకెప్పుడూ అడగను. రేపు వచ్చి మాకు చదివి వినిపిస్తారా?"

టీచర్ బెజ్జంలోకి చూసింది. నల్లటి నీళ్ల మీద పల్చగా పొర కడుతోంది. బూటు కొసతో దాన్ని విరగ్గొట్టింది. తర్వాత కాఫీ కుండ చుట్టూ ఉన్న స్వెట్టరు చేతుల ముడి విప్పి, దులిపి, వెలుతురులో పట్టుకుని చూసింది. ఛాతీ దగ్గర కాఫీ మరక.

"నువ్వింతగా బలవంతం చేస్తుంటే" అంది, "ఎలా కాదంటాను?"

తిరిగి వస్తుంటే నోయెమీ ఒడ్డు చేరేదాకా బండి తలుపు వదల్లేదు. నేల మీదికి ఎక్కాక అంది: "నిజమే చెప్పావన్నమాట."

"అప్పుడప్పుడూ జారిపోతుందండీ."

*

ఆదివారం చర్చి అవగానే అందరూ నేరుగా లైబ్రరీకే వచ్చారు. కుర్చీలు చాలక పిల్లల విభాగం నుంచి బొమ్మల బల్లలు కూడా తెచ్చారు. లైల్ పుట్టగొడుగు ఆకారంలో ఉన్న ఒక పసుపుపచ్చ బల్ల మీద కూర్చున్నాడు. అందరూ వెనక వరసల్లోనే సర్దుకున్నారు కాబట్టి ముందు వరసలో ఒక్క కుర్చీయే నిండింది. నేను ఆలస్యంగా వచ్చాను, నాకు అదే దొరికింది.

టీచర్ నీలం స్వెట్టరు వేసుకొచ్చింది. మరక మీద బ్రోచ్ పెట్టుకుంది. కాగితాలు బల్ల మీద సర్దుకుని, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, నిలబడి మొదలుపెట్టింది.

మొదట్లో ఎవరి పోలికలు వాళ్లు వెతుక్కుంటూ విన్నారు. అత్త కెఫే కోసం వింటోందని మొహంలోనే తెలుస్తోంది. కెఫే రాలేదు. ఉన్నది సరస్సు, తండ్రి, పిల్ల, గడ్డపార. ఒక దెబ్బ, ఒక అడుగు. కాసేపటికి వెతకడం మానేశారు. మా ఊళ్లో అందరూ చిన్నప్పుడు ఎవరో ఒకరి ముందు అలా నడిచినవాళ్లే. ఎవరిదో బూటు నేల మీద మెల్లిగా తడుతోంది, పిల్ల గడ్డపారతో తట్టినప్పుడల్లా.

సగం దూరంలో మంచు చప్పుడు మారింది. "పిల్ల వెనక్కి తిరిగి చూసింది" అని చదివి టీచర్ ఆగింది.

కళ్లద్దాలు తీసింది. స్వెట్టరు అంచుతో తుడిచి పెట్టుకుంది. కాగితం వైపు చూసింది. మళ్లీ తీసింది. నిశ్శబ్దం మా ఊరికి అలవాటే. ఇది మాత్రం ఆ రకం కాదు. నోయెమీ సగం లేచింది. ఇంకొక్క క్షణముంటే టీచర్ క్షమించమని కూర్చునేలా ఉంది.

"నాన్న టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు" అన్నాను నేను. "చర్చిలో నిలబడ్డట్టు."

టీచర్ నా వైపు చూడలేదు. కళ్లద్దాలు పెట్టుకుంది. "నాన్న టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు, చర్చిలో నిలబడ్డట్టు" అని చదివింది, ఈసారి గొంతు గట్టిగా ఉంది. "అంత చలిలో నాన్న టోపీ తీయడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. అప్పుడు తెలిసింది దానికి, భయం తన ఒక్కదానిదే కాదని. ముందుకి తిరిగి ఇంకో దెబ్బ వేసింది."

అవతలి ఒడ్డు చేరేదాకా ఆగకుండా చదివింది. కాగితాలు బోర్లించింది.

వెనక వరసలోంచి ఐనర్ గొంతు సవరించుకున్నాడు. "అంత చెడ్డగా లేదు టీచర్" అన్నాడు. ఆయన గొంతు నిజంగానే బాగాలేదు.

"అస్సలు చెడ్డగా లేదు" అంది అత్త. మా ఊళ్లో అంత దూరం ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు.

"కాకపోతే" అన్నాడు ఐనర్, "మరి నేను హత్య ఎప్పుడు చేస్తాను?"

"ఏ హత్య?" అంది టీచర్.

"బంగాళాదుంపల కింద పెట్టింది."

"నా షాపు తగలబడేది అంతకు ముందా, తర్వాతా?" అన్నాడు లైల్ పుట్టగొడుగు మీద నుంచి.

టీచర్ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చింది. "హత్యలేం లేవు ఐనర్. చివరి అధ్యాయం రేపట్నుంచి రాయాలి. కావాలంటే అందులో పెడతాను."

"అంత శ్రమ ఎందుకులెండి" అన్నాడు ఐనర్. అది మొదటిసారి కాదనడమని గదిలో అందరికీ అర్థమైంది. నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వులు అయ్యేలోపు వెనక తలుపు దాకా వెళ్లిపోదామని మెల్లిగా కుర్చీ జరిపాను.

"ఇదంతా మీకెవరు చెప్పారు?" అంది టీచర్.

"డెల్" అన్నారు అందరూ. "వాడు అన్నీ చదివాడుగా."

"ఇంకా అచ్చు కూడా కాని వాక్యం వాడికెలా వచ్చిందో మరి" అంది నోయెమీ, గోడకి ఆనుకుని. ఆ నెమ్మదితనం ఆమెకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. మా ఊరి గాలి సోకినట్టుంది.

నవ్వులు ఆగిపోయాయి.

"డెల్" అంది టీచర్.

"టీచర్."

"నా నవలలు చదివావా?"

"చదివాను టీచర్."

"అన్నీ చదివావా?"

"అన్నీ టీచర్."

ఆవిడ కాగితాల అంచులు బల్ల మీద తట్టి సమం చేసింది. క్లిప్పు పెట్టింది. కళ్లద్దాలు తీసి మడిచింది. తర్వాత ఏం రావాలో గదిలో అందరికీ తెలుసు. అరిజోనా అమ్మాయికి కూడా తెలుసు.

"చదివావా డెల్?"

లేచి నిలబడ్డాను. నా టోపీ నా చేతుల్లోనే ఉందని అప్పుడు చూసుకున్నాను.

"ఒక్కటీ చదవలేదు టీచర్. అట్టలు చదివాను. మిగతాదంతా మీ గుడిసె తలుపు బయట నిలబడి విన్నాను, మీ గుడిసె లాగడం మొదలుపెట్టిన ఏడాది నుంచీ. నేను ఇంజను దూరంగా ఆపేది డీజిలు ఆదా కోసం కాదు."